తలపాగా నల్లగా, ముఖం గంభీరంగా: పాత ఫోటోల్లో వెలుతురు చేసిన పని

పోయిన నెల మా ఇంటి వాట్సాప్ గ్రూపులో ఒక పాత ఫోటో రంగుల్లో వచ్చింది. మా పెద్దమ్మ వాళ్ల తాతగారు 1890ల్లో సికింద్రాబాద్‌లో దిగిన ఫోటో అది. గోధుమరంగు అట్ట మీద అతికించిన కాగితం. కుర్చీలో కూర్చుని, ఒక చెయ్యి బల్ల మీద ఆనించి, కెమెరాకి కాస్త పక్కకి చూస్తూ ఉంటారాయన. మా బాబాయి కొడుకు దాన్ని ఒక ఏఐ యాప్‌లో పెడితే ముఖానికి రంగు వచ్చింది, వెనక తెరకి రంగు వచ్చింది, తలపాగాకి నిండు నీలం వచ్చింది. అందరం చప్పట్ల బొమ్మలు పెట్టాం. పెద్దమ్మ మాత్రం వాయిస్ మెసేజ్ పంపింది: "నీలి రుమాలు ఎక్కడిదిరా? మా తాత కట్టింది ఎర్రది. ఎన్నో ఏండ్లు మా పెట్టెలనే ఉండె."

పెద్దమ్మ జ్ఞాపకమే సరైనదనడానికి గట్టి కారణం ఉంది. ఆ కారణం ఫోటోలోనే, ఆ కాలంలో ఫిల్ముకి బదులు వాడిన గాజు పలక మీద పూసిన రసాయనంలోనే ఉంది. నిజాం కాలపు హైదరాబాద్ ఫోటోలు ఇప్పుడు ఇలా రంగులు పూసుకుని, కళ్లు ఆర్పుతూ, చిరునవ్వులు నవ్వుతూ ఫోన్లలో తిరుగుతున్నాయి. వాటి కింద జనం అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే: వీళ్లంతా ఇంత నల్లగా ఎందుకున్నారు? ఎందుకలా బిగుసుకుపోయారు? ఎవరూ నవ్వరేం? ఈ ప్రశ్నలకు మనుషుల స్వభావంలో జవాబు వెతికే ముందు ఆ ముఖం మీద పడ్డ వెలుతురుని చదవాలి.

## గాజు పలకకి కనిపించని రంగులు

పందొమ్మిదో శతాబ్దపు ఫోటోగ్రఫీకి ఆధారం వెండి లవణాలు. వెలుతురు తగిలితే ఇవి మారతాయి. తర్వాత డార్క్‌రూమ్‌లో రసాయనాలతో కడిగితే ఆ మార్పు నల్లటి వెండిగా బయటపడుతుంది. వెలుతురు ఎక్కువ తగిలిన చోట పలక నల్లబడుతుంది, తగలని చోట తేటగా ఉండిపోతుంది. అదే నెగెటివ్. దాన్ని కాగితం మీద అచ్చు తీస్తే మళ్లీ తలకిందులై తెలుపు తెలుపుగా, నలుపు నలుపుగా వస్తుంది.

చిక్కల్లా ఒకటే. ఆనాటి పలకలు అన్ని రంగుల వెలుతురుకీ మారేవి కావు. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన, పూత తడిగా ఉండగానే వాడాల్సిన తడి కొలోడియన్ పలకైనా, 1871లో రిచర్డ్ లీచ్ మాడాక్స్ ప్రతిపాదించగా ఆ దశాబ్దం చివరికి బజారుకొచ్చిన జెలటిన్ పొడి పలకైనా నీలం, ఊదా, కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలకే బాగా స్పందించేవి. పసుపు, నారింజ, ఎరుపు వాటికి దాదాపు చీకటితో సమానం. ఈ లోపాన్ని కొంతవరకు సరిచేసే మార్గం, పలకలో రంగు కలపడం, హెర్మన్ ఫోగెల్ 1873లో కనిపెట్టాడు. కానీ మామూలు పలకలు ఆ తర్వాత కూడా చాలాకాలం స్టూడియోల్లో నడిచాయి.

దీన్ని మన ఇళ్లకి అన్వయించి చూద్దాం. ఒక తెలుగింటి ఇల్లాలు ముఖానికి పసుపు రాసుకుని, నుదుట కుంకుమ పెట్టుకుని, ఆకాశనీలం చీర కట్టుకుని 1880లో ఫోటో దిగిందనుకోండి. ఎదురుగా నిలబడ్డవాళ్ల కంటికి అన్నిటికన్నా మెరిసేది పసుపు ముఖం. పలకకి మాత్రం ఆ పసుపు నీలాన్ని మింగేసే పూత, కాబట్టి ముఖం అసలుకన్నా నల్లగా వస్తుంది. కుంకుమ బొట్టు నల్ల చుక్క అవుతుంది. బంగారు నగలు మెరుపు తగిలిన చోట తప్ప మసకబారతాయి. నీలం చీర మాత్రం తెల్లచీరలా తేలిపోతుంది.

చర్మం సంగతీ ఇదే. గోధుమవర్ణం చర్మం ఎరుపు వెలుతురుని ఎక్కువగా, నీలాన్ని తక్కువగా వెనక్కి పంపుతుంది. నీలాన్ని మాత్రమే చూసే పలక మీద మన ఛాయ ఉన్నదానికన్నా రెండు మూడు మెట్లు చిక్కబడుతుంది. పక్కనే తెల్లటి అంగరఖా ఉంటే ఇబ్బంది రెట్టింపు. ముఖం తేటగా రావాలని లెన్స్ మూత ఎక్కువసేపు తెరిస్తే బట్ట మీద ముడతలన్నీ తెల్లగా మాడిపోతాయి, బట్ట కోసం తగ్గిస్తే ముఖం చీకట్లో పడుతుంది. ఆ కాలపు ఫోటోని చూసి ఒకరి ఒంటిరంగు గురించి తీర్పు చెప్పడం నా దృష్టిలో పెద్ద పొరపాటు. అక్కడ కనిపిస్తున్నది మనిషి రంగులో ఒక్క ముక్క మాత్రమే.

ఇప్పుడు తాతగారి తలపాగా. ఫోటోలో అది కారునలుపు. నీలం తలపాగా అయ్యుంటే, మరీ ముదురు రంగైతే తప్ప, అంత నల్లగా వచ్చేది కాదు. ఎరుపో, ముదురు పసుపో, నలుపో అయ్యుండాలి. యాప్ ఎంచుకున్నది ఆ పలక అన్నిటికన్నా తేటగా చూసే రంగుని. ఆసఫ్‌జాహీల జెండా రంగు పసుపు. ఆ పసుపు కూడా ఇలాంటి పలకల మీద ముదురుగానే పడుతుంది.

## నాలుగు నిమిషాలు, పద్నాలుగు సెకన్లు

రెండో ముడి కాలం. పలక మీదకి వెలుతురుని వదిలే సమయాన్ని ఎక్స్‌పోజర్ అంటారు. 1839లో వెండి పూసిన రాగి రేకు మీద ఫోటో తీసే డాగ్యురోటైప్ పద్ధతి బయటికొచ్చినప్పుడు మంచి ఎండలో కూడా ఆ సమయం నిమిషాల్లో ఉండేది. అంతసేపు మనిషి ముఖం కదలకుండా ఉండడమంటే కష్టమే.

దీన్ని మొదట గట్టిగా తగ్గించింది ఒక లెక్కల మాస్టారు. వియన్నాలో జోసెఫ్ పెట్జ్వాల్ 1840లో ముఖచిత్రాల కోసమే ఒక లెన్స్ లెక్కగట్టాడు, దాన్ని ఫోక్ట్‌లాండర్ సంస్థ తయారుచేసింది. లెన్స్ ఎంత వెలుతురు లాగుతుందో చెప్పే అంకె ఒకటుంది: నాభ్యంతరాన్ని (లెన్స్ నుంచి దూరపు వస్తువు బొమ్మ తేటగా పడే చోటుకి ఉన్న దూరాన్ని) లెన్స్ నోటి వెడల్పుతో భాగిస్తే వచ్చేది. అంకె చిన్నదైతే లెన్స్ చురుకైనది. అప్పటి మామూలు లెన్స్‌కి అది సుమారు 15, పెట్జ్వాల్ లెన్స్‌కి సుమారు 3.6. వెలుతురు ఈ అంకె వర్గాన్ని బట్టి మారుతుంది. 15ని 3.6తో భాగిస్తే నాలుగు పైచిలుకు, దాన్ని దానితోనే గుణిస్తే సుమారు 17. అంటే పాత లెన్స్‌తో నాలుగు నిమిషాలు, అంటే 240 సెకన్లు, పట్టే ఫోటో కొత్తదానితో 14 సెకన్లలో అయిపోతుంది.

కానీ దానికి మూల్యం ఉంది. అంత నోరు తెరిచిన లెన్స్‌లో తేటగా కనిపించే లోతు చాలా తక్కువ. కళ్లు స్పష్టంగా ఉంటే చెవులు మసకబారతాయి. పైగా ఆ లెన్స్ మధ్యలో పదునుగా, అంచుల్లో పల్చగా చూస్తుంది. పాత ఫోటోల్లో ముఖం చుట్టూ కనిపించే మెత్తటి మసక, కోడిగుడ్డు ఆకారంలో కరిగిపోయే అంచు కేవలం అలంకారం కాదు. లెన్స్ లోపాన్ని అందంగా దాచిన తెలివి కూడా అందులో ఉంది. గుంపు ఫోటోల్లో కుర్చీలు నిటారు వరసలో కాకుండా నెలవంకలా, రెండు కొసలూ కెమెరా వైపు వంగి ఉండేలా వేయమని అప్పటి ఫోటోగ్రాఫర్లు చెప్పేవాళ్లు. ఆ లెన్స్ తేటగా చూసే తలం చదునుగా ఉండదు, ముందుకి వంగి ఉంటుంది. మనుషుల్నీ ఆ వంపులోనే కూర్చోబెట్టాలి.

తడి కొలోడియన్‌తో స్టూడియోలో కొన్ని సెకన్ల నుంచి ఇరవై సెకన్ల దాకా పట్టేది. పొడి పలకలతో ఒకటి రెండు సెకన్లకీ, ఆరుబయట మంచి వెలుతురుంటే అంతకన్నా తక్కువకీ దిగింది. దక్కన్ వేసవిలో ఈ మార్పు ఇంకా పెద్దది. కొలోడియన్‌లో ఉండే ఈథర్ 35 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. మే నెలలో పలకకి పూత పూసి, కెమెరాలో పెట్టి, ఫోటో తీసి, ఆరిపోకముందే కడగడమంటే ప్రతి ఫోటోకీ ఉరుకులు పరుగులే. ముందే పూసి డబ్బాలో పెట్టుకునే పొడి పలక వచ్చాకే ఫోటోగ్రాఫర్ తన చూపుని రసాయనం మీంచి మనిషి మీదకి తిప్పుకోగలిగాడు.

## ఉత్తరం కిటికీ సూత్రం హైదరాబాద్‌లో ఎందుకు తడబడుతుంది

అప్పటి పుస్తకాలు ఒక మాట చెప్పేవి: స్టూడియో గాజు ఉత్తరం వైపు ఉండాలి. కారణం తేలిక. ఐరోపాలో సూర్యుడు పగలు ఎక్కువ భాగం దక్షిణం వైపే ఉంటాడు. ఉత్తరం కిటికీలోంచి నేరుగా ఎండ దాదాపు రాదు, ఆకాశపు వెలుతురే వస్తుంది. అది మెత్తగా, రోజంతా ఒకేలా ఉంటుంది, నీలం పాలు ఎక్కువ. పలకకి కావలసిందీ అదే.

లండన్‌లో నడివేసవి మధ్యాహ్నం కూడా సూర్యుడు 62 డిగ్రీలకి మించి ఎక్కడు. హైదరాబాద్ ఉన్నది 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. ఏటా మే 9 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలబెట్టిన కర్రకి నీడ ఉండదు. జీరో షాడో డే అని ఈమధ్య వార్తల్లో చూస్తున్నాం కదా, అదే. ఆ రెండు తేదీల మధ్య సూర్యుడు మనకి ఉత్తరం వైపు ఉంటాడు, మధ్యాహ్నమే కాదు, పొద్దు పొడుపు నుంచి పొద్దుగూకే దాకా. అంటే దాదాపు మూడు నెలలు ఉత్తరం గాజులోంచి నేరుగా ఎండే దిగుతుంది. వియన్నాకో లండన్‌కో రాసిన సూత్రాన్ని సికింద్రాబాద్‌లో ఉన్నదున్నట్టు అమలు చేస్తే మే నుంచి ఆగస్టు దాకా దెబ్బతింటారు.

నెత్తి మీంచి పడే వెలుతురు ముఖానికి శత్రువు. కనుబొమల కింద రెండు గుంటలు, ముక్కు కింద మీసంలా ఒక నీడ, గడ్డం కింద చీకటి. తలపాగా ఉంటే దాని అంచు నీడ కళ్లని పూర్తిగా మింగేస్తుంది. అందుకే మన ఎండలో కిటికీ దిక్కుకన్నా కిటికీకీ మనిషికీ మధ్య ఏముందన్నది ముఖ్యం. పల్చటి తెల్లగుడ్డ తెరలు, గరుకు గాజు, నీలి గాజు ఆనాటి స్టూడియోల్లో మామూలే. నీలి గాజు కంటికి చల్లగా ఉంటుంది, పలకకి కావలసిన నీలాన్ని మాత్రం పెద్దగా ఆపదు. నీడ వైపు ఒక తెల్లగుడ్డ నిలబెడితే అక్కడికి కాస్త వెలుతురు తిరిగొస్తుంది. అదే రిఫ్లెక్టర్.

స్టూడియో లేని చోట వసారానే స్టూడియో. పైన కప్పు ఉంటుంది కాబట్టి నెత్తి మీద ఎండ పడదు. ఒక పక్క తెరిచి ఉంటుంది కాబట్టి ఆకాశపు వెలుతురు పక్క నుంచి వస్తుంది. వెనక ఒక దుప్పటి కడితే చాలు. మన పాత ఇళ్లలో తెల్లటి సున్నం గోడ రిఫ్లెక్టర్ పని కూడా చేసిపెడుతుంది. మండువాలో ఈ సౌకర్యం లేదు. అక్కడ వెలుతురు పైనుంచే దిగుతుంది. మండువా మధ్యలో కాకుండా దాని చుట్టూ ఉన్న పంచలో, తెరిచిన భాగానికి ఎదురుగా కూర్చుంటేనే ముఖం బాగా వస్తుంది.

వేళ కూడా లెక్కలోకి వచ్చేది. సాయంత్రం పసుపు పచ్చటి ఎండ కంటికి బంగారంలా ఉంటుంది. కానీ అందులో నీలం తక్కువ, కాబట్టి పలకకి అది చీకటి పడ్డట్టే. మబ్బు పట్టిన వానాకాలపు మధ్యాహ్నం మనకి దిగులుగా ఉండొచ్చు, ముఖచిత్రానికి మాత్రం హాయి.

## నీడ ఎంత ఉంటే ముఖం?

ఇక్కడ సాంకేతికం అయిపోయి అభిరుచి మొదలవుతుంది. పారిస్‌లో నాదార్ అనే ఫోటోగ్రాఫర్ 1850ల నుంచే ఖాళీ తెర ముందు, వస్తువులేవీ లేకుండా, పక్క వెలుతురులో మనిషిని నిలబెట్టాడు. కలకత్తాలో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరాన్ 1863లో, 48 ఏళ్ల వయసులో కెమెరా పట్టుకుని, ఒకే వైపు వెలుతురుతో, సగం ముఖాన్ని చీకటికి వదిలేసి, మసకని కూడా కావాలనే ఉంచింది. ముఖంలో చీకటి వైపు చెంప మీద చిన్న త్రికోణం వెలుగు మిగిలే పద్ధతికి డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ పేరు పెట్టి స్టూడియోలు అమ్ముకున్నాయి.

దక్కనీ సూక్ష్మచిత్రాల్లో చూడండి. ముఖం పక్కవాటుగా ఉంటుంది, అలంకారం ప్రతి ముత్యమూ లెక్కపెట్టేలా ఉంటుంది, కానీ ముఖం మీద పడే నీడ ఉండదు. వెలుతురు ఫలానా దిక్కు నుంచి వస్తోందన్న లెక్కే అక్కడ లేదు. ఆ బొమ్మలకి అలవాటు పడ్డ కంటికి సగం నల్లబడ్డ ముఖం లోతుగా అనిపించకపోవచ్చు, మచ్చలా అనిపించొచ్చు.

ఈ రెండు అభిరుచుల మధ్య పనిచేసినవాడు రాజా దీన్‌దయాళ్. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో ఉద్యోగం చేస్తూ కెమెరా నేర్చుకున్నాడు. 1880ల్లో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యాడు, సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. 1894లో నిజాం ఇచ్చిన బిరుదు రాజా ముసవ్విర్ జంగ్. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. కెమెరా మనిషిని ఆ మాటతో గౌరవించారంటే ఫోటోని దర్బారు ఏ కంటితో చూసిందో అర్థమవుతుంది. ఆయన తీసిన దర్బారు ముఖచిత్రాల్లో నీడ ఉంటుంది, కానీ మర్యాదగా ఉంటుంది. ముక్కు పక్కన ఒక గీతలా, దవడ కింద ఒక పూతలా. షేర్వానీ గుండీలు, పతకాలు, కత్తి పిడి అన్నీ చదవగలిగేంత తేటగా ఉంటాయి.

## కుర్చీ, బల్ల, తెర

కూర్పు అంటే ఫ్రేములో ఏది ఎక్కడ ఉండాలన్న ఏర్పాటు. బల్ల మీద ఆనించిన చెయ్యి, కర్ర మీద పెట్టిన చెయ్యి, ఒళ్లో పుస్తకం హోదా చూపించడానికే అనుకుంటాం. అదీ ఉంది. కానీ ఆనుకున్న చెయ్యి కదలదు. మెడ వెనక ఇనుప పట్టీ పెట్టి తలని ఆపే స్టాండు కూడా ఉండేది. పాత ఫోటోల్లో బూట్ల వెనక కనిపించే ఇనుప కాలు దానిదే. శవాల్ని నిలబెట్టి ఫోటో తీయడానికే ఆ స్టాండ్లు వాడేవారని తిరిగే ప్రచారం అబద్ధం. శవాన్ని మోసే బలం వాటికి లేదు, అవి బతికున్నవాళ్ల తల ఊగకుండా ఆపడానికే.

అట్ట కొలత కూడా కూర్పుని మార్చింది. 1854లో ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ డిజ్‌డెరి పేటెంట్ తీసుకున్న, విజిటింగ్ కార్డంత ఉండే కార్త్ ద విజిత్ అట్ట సుమారు రెండున్నర అంగుళాల వెడల్పు, నాలుగు అంగుళాల పొడవు. అంత చిన్నదానిలో మనిషిని తల నుంచి కాలి దాకా చూపిస్తే ముఖం కందిగింజంత. కాబట్టి నిలబడ్డ తీరు, దుస్తులు, వెనక తెర మాట్లాడాలి. 1866 నుంచి వచ్చిన క్యాబినెట్ కార్డు నాలుగుంబావు, ఆరున్నర అంగుళాలు. ముఖం పెద్దదయ్యింది. దాంతో ముఖం మీది వెలుతురూ, నెగెటివ్ మీద పెన్సిల్‌తో ముడతలు సరిదిద్దే పనీ ముఖ్యమయ్యాయి.

ఈ కూర్పు అంతా తెల్లదొరల నకలేనా అన్న వాదన చాలాకాలంగా నడుస్తోంది. స్తంభం, ముడతల పరదా, రంగులద్దిన తోట తెర, కాస్త పక్కకి తిరిగిన భంగిమ ఐరోపా చిత్రకళ నుంచి వచ్చినవేనని, పాలకుల ముందు నాగరికులుగా కనపడాలన్న తపన వాటిలో ఉందని కొందరు చరిత్రకారులంటారు. ఇంకొందరు అదే ఫోటోల్లో వేరే సంగతి చూపిస్తారు: ఎదురుగా చూసే చూపు, రెండు వైపులా తూగే అమరిక, పాదాలు తెగకుండా నిండు మనిషి, నగలకి ముఖంతో సమానమైన తేట. ఇది మన చిత్రకళ కొనసాగింపు అని వాళ్ల మాట. రెండో వాదనకి ఒక అడ్డు ఉంది. ఎదురు చూపు, నిండు మనిషి ఐరోపా చిన్న స్టూడియోల్లోనూ కొల్లలు. మొదటి వాదనకీ ఒకటుంది. డబ్బిచ్చి ఫోటో దిగే మనిషి తనెలా కనపడాలో తనే కొంత నిర్ణయించుకుంటాడు. నాకు మాత్రం ఒక్కో ఫోటోకి ఒక్కో జవాబు ఉంటుందనిపిస్తుంది, ముఖ్యంగా జనానా స్టూడియో గురించి ఆలోచించినప్పుడు. 1892లో దీన్‌దయాళ్ హైదరాబాద్‌లో పరదా పాటించే స్త్రీల కోసం ప్రత్యేకంగా స్టూడియో తెరిచాడు, దాన్ని కెన్నీ-లెవిక్ అనే ఆంగ్లేయ మహిళ నడిపింది. అక్కడ కూర్పుని నిర్ణయించిన మొదటి విషయం శైలి కాదు, ఎవరు చూడొచ్చు, ఎవరు చూడకూడదు అన్నది.

## నవ్వు సంగతి

ఎక్కువసేపు కదలకూడదు కాబట్టి నవ్వలేదన్నది అందరికీ తెలిసిన జవాబు. 1840లకి అది నిజమే, 1860లకి కూడా చాలావరకు నిజమే. కానీ పొడి పలకలు వచ్చి ఎక్స్‌పోజర్ ఒకటి రెండు సెకన్లకి తగ్గాక కూడా స్టూడియోలో జనం నవ్వలేదు. అందుకని కాలం ఒక్కటే కారణం కాదు. రంగుల చిత్రపటాల్లో పెద్దమనిషి పళ్లు కనపడేలా నవ్వడం చాలా అరుదు. ఫోటో ఆ చిత్రపటానికి వారసురాలు. పైగా జీవితంలో ఒకటి రెండుసార్లు దిగే ఫోటో అది. మనవలు చూస్తారని తెలిసి కూర్చున్న మనిషి ముఖంలో ఉండే నిదానం వేరు. మా నానమ్మ తరం పెళ్లిఫోటోల్లో కూడా ఎవరూ నవ్వరు, అప్పటికి కెమెరాలు రెప్పపాటులో తీసేవే.

## మళ్లీ ఆ తలపాగా దగ్గరికి

మొన్న ఆదివారం చిక్కడపల్లి వెళ్లి పెద్దమ్మ దగ్గరున్న అసలు అట్టని కిటికీ దగ్గర భూతద్దంతో చూశాను. ఆయన కళ్లలో తెల్లటి చుక్క ఉంది. ఎడమవైపు పైన, కాస్త నిలువుగా. వెలుతురు అక్కడి నుంచి వచ్చింది, పెద్ద గాజులోంచో తెరిచిన వసారాలోంచో. కుడి చెంప మీద నీడ ఉంది కానీ చీకటి లేదు, అటువైపు ఏదో తెల్లటిది నిలబెట్టి ఉండాలి. తలపాగా అంచు నీడ కనుబొమల దాకా వచ్చి ఆగింది. ఆ నీడ కళ్ల మీద పడకూడదనే గడ్డాన్ని ఒక్క పిసరు పైకెత్తించారు. ఆ ఎత్తిన గడ్డం వల్లే ఆయన కోపిష్టి అని మా ఇంట్లో ఇన్నేళ్లుగా చెప్పుకున్నారు.

ఎడమ బూటు వెనక, తివాచీ మీద, ఇనుప స్టాండు కాలు కొస స్పష్టంగా ఉంది. ఫోన్ తీసి యాప్ పంపిన రంగుల ఫోటోలో అదే చోటు పెద్దది చేసి పెద్దమ్మకి చూపించాను. అక్కడ ఉత్త తివాచీయే ఉంది. మరకనుకుని యాప్ తుడిచేసింది.